పురుగులు తిన్న పథ్యం

యో తియెన్‌షుయ్ లోదోంగ్ ఊరి చుట్టుపక్కల కాలువల మీద, లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరుగా ముప్పై నాలుగేళ్ళు పని చేశాడు. ఇంటిపేరుకి ఈత అని, పేరుకి నీళ్ళు పోయడమని అర్థం వస్తుంది కాబట్టి, ఆ ఉద్యోగం నీ కోసమే పుట్టిందయ్యా అని తోటివాళ్ళు ఆయన్ని ఏడిపించేవారు. రిటైరైన రోజున లాకుల తాళంచెవులు ఆఫీసులో అప్పగించి ఇంటికొచ్చాడు గానీ నీళ్ళను మాత్రం వదల్లేకపోయాడు. మేడ మీద రేకుల కప్పు కింద మూడు గాజు తొట్టెలు పెట్టి, ఒంటి మీద మూడు చారలుండే చేపల్ని పెంచడం మొదలుపెట్టాడు.

ఆయన చిన్నతనంలో వరిచేలో కాలు పెడితే ఆ చేపలు వేళ్ళ సందుల్లో గిలిగింతలు పెట్టేవి. తర్వాత పురుగుమందులొచ్చాయి, మట్టి కాలువలకి సిమెంటు పోశారు. సిమెంటు పోసిన ఏడాది నీళ్ళు కట్టెయ్యడానికి లాకు తలుపు చక్రం తిప్పింది తన చేతులే. ఆ చేప కంటికి కనబడకుండా పోవడంలో తన పాలు కూడా కొంత ఉందని ఆయన మనసులో ఉండిపోయింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎందుకీ చేపలని అడిగితే, పొద్దుపోవద్దూ, అని ఊరుకునేవాడు.

భార్య బీషియాకి పొద్దుపోకపోవడమనే బాధ లేదు. సంత మొదట్లో ముప్పై ఏళ్ళుగా ఆవిరి బన్నులు అమ్ముతోంది. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్తే మళ్ళీ పదకొండు దాటాకే రావడం. పిండి ఎంత పులిసిందో మూత తియ్యకుండానే వాసన పట్టి చెప్పగలదు. మోకాళ్ళ నొప్పుల వల్ల మేడ మెట్లెక్కడం మానేసి నాలుగేళ్ళయింది. పైన ఏం జరుగుతోందో తియెన్‌షుయ్ చెప్పిందే ఆమెకి తెలిసేది.

మూడు చారల చేపతో చిక్కంతా పిల్లల దగ్గరే. మగచేప నీళ్ళ మీద నురగతో గూడు కట్టి, నాలుగైదు వందల గుడ్లని కాపలా కాసి మరీ పిల్లల్ని చేస్తుంది. ఆ పిల్లలు కనురెప్ప వెంట్రుక తుంచి నీళ్ళలో పడేసినంత ఉంటాయి. కదలని తిండి వాటికి తిండి కాదు. పొడి చల్లితే దాని పక్కనుంచే ఈదుకుంటూ వెళ్ళి ఆకలితో చచ్చిపోతాయి. మొదటి నాలుగు రోజులూ పాచి పట్టిన పచ్చనీళ్ళతో గడిచిపోతుంది. ఆ తర్వాత వాటి నోట్లో పట్టేంత సన్నగా ఉండి, మెలికలు తిరిగేది ఏదో ఒకటి కావాలి. అది దొరక్క తియెన్‌షుయ్ రెండు ఈతల పిల్లల్ని పోగొట్టుకున్నాడు. రెండోసారి రెండు రోజులు అన్నం సయించలేదు.

చేపలు పెంచేవాళ్ళ సంఘం కార్యదర్శి వెన్‌ఛాంగ్‌కి స్టేషను వెనక స్కూటర్ల రిపేరు షాపుంది. సంగతి విని ఓ ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చాడు. మూత తీస్తే పాడైపోయిన జావలా ఉంది. కల్లు కుండ దగ్గర ముక్కు పెట్టినట్టు వాసన. కానీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఆ జావ పైపొర మిలమిలా కదులుతోంది. డబ్బా గోడల మీదకి తెల్లటి నూలుపోగుల్లాంటివి వేలకి వేలు పాకుతున్నాయి. ఓట్స్ గట్టిగా కాచి చల్లార్చి, చిటికెడు ఈస్టు చల్లి, ఈ డబ్బాలోంచి ఓ చెంచా వేస్తే చాలని, నాలుగు రోజుల్లో గోడలెక్కుతాయని, ఐస్‌క్రీం పుల్లతో గీకి తొట్టెలో జాడించెయ్యడమేనని వెన్‌ఛాంగ్ చెప్పాడు. వారం పది రోజులకి జావ పులిసి నీరుగారిపోతుంది కాబట్టి అంతకుముందే కొత్త డబ్బాలోకి మార్చుకోవాలన్నాడు. తియెన్‌షుయ్ తన జన్మలో ఓట్స్ కొనలేదు. ఎలాగా అనుకుంటూనే డబ్బా తీసుకున్నాడు.

ఓట్స్ వాటంతటవే ఇంటికొచ్చాయి. ఆ మరుసటి వారమే వృద్ధులకి ఏటా చేసే పరీక్షలో ఆయన రక్తంలో కొవ్వు బాగా ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరమ్మ జియాన్ ఇంకా చిన్నపిల్లే, కూతురి కంటే చిన్నది. పంది కొవ్వు, వేపుళ్ళు మానెయ్యమని, పొద్దున్నే ఓట్స్ జావ తాగమని నెమ్మదిగా, పెద్దగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. తియెన్‌షుయ్ తల ఊపాడు. బీషియా మాత్రం కాగితం మీద రాయించుకుంది.

మర్నాటి నుంచీ ఆమె సంతకి వెళ్ళే ముందు పెద్ద గిన్నెడు జావ కాచి, పళ్ళెం మూత పెట్టి వెళ్ళేది. తియెన్‌షుయ్ లేచి మూత తీసి చూస్తే, ఒకప్పుడు లాకుల దగ్గర నోటీసులంటించడానికి ఆఫీసువాళ్ళు కాచే మైదా బంక జ్ఞాపకమొచ్చింది. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాక ఆ జ్ఞాపకం మరీ గట్టిపడింది. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. పైన వెన్‌ఛాంగ్ ఇచ్చిన డబ్బా కూడా జావ కోసమే ఎదురుచూస్తోంది. ఈ ఒక్కరోజుకే అనుకుని గిన్నె పట్టుకుని మెట్లెక్కాడు.

పురుగులు ఆ జావని ఆయనకంటే ఎంతో ఇష్టంగా తిన్నాయి. ఐదో రోజుకి డబ్బా గోడలు తెల్లబడ్డాయి. పుల్లతో గీకి పిల్లల తొట్టెలో జాడిస్తే, తిన్న పావుగంటలో చేపపిల్లల పొట్టలు తెల్లగా, గుండ్రంగా పొంగాయి. భూతద్దం కన్నుకి ఆనించుకుని తియెన్‌షుయ్ ఒక్కొక్క పొట్టనీ చూసుకుని మురిసిపోయాడు. ఆ ఈతలో మూడువందల పిల్లలు బతికాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బీషియా రోజూ గిన్నెడు జావ కాస్తూనే ఉంది, ఆ గిన్నె రోజూ ఖాళీ కావాలి. గిన్నెడు జావకి ఒక డబ్బా నిండుతుంది. నెల తిరక్కుండా మేడ మీద తొట్టెల కింద చల్లటి చోట పందొమ్మిది డబ్బాలు తేలాయి. అన్ని పురుగుల్ని తినడానికి చేపలు చాలవు కాబట్టి ఇంకో రెండు జతల్ని గుడ్లకి వదిలాడు. పిల్లలు ఎక్కువయ్యేసరికి తొట్టెలు చాలలేదు, తొట్టెలు కొంటే వాటికి పురుగులు చాలవేమోనని భయం పట్టుకుంది. డాక్టరమ్మ ఒక్క మాట రాసిచ్చిన పాపానికి మేడ మీద మూడు తొట్టెలు తొమ్మిదయ్యాయి.

ఇక తన కడుపు మాటేమిటంటే, గిన్నెని శుభ్రంగా గీకి, నాకినట్టు కనబడేలా చెంచా అందులోనే వదిలి, సంత తగలకుండా వెనక దారిన సైకిలు తొక్కుకుంటూ వంతెన దగ్గరికి పోయేవాడు. అక్కడొకడు పంది కొవ్వులో ఉల్లికాడల రొట్టె ఎర్రగా కాల్చి, పైన గుడ్డు కొట్టి ఇస్తాడు. మూతి తుడుచుకుని, ఇంకాసేపు గాలికి తిరిగి, వాసన పోయిందనుకున్నాక ఇంటికొచ్చేవాడు.

ఈస్టు డబ్బా తొందరగా అడుగంటుతోందని బీషియా ఒకటి రెండుసార్లు అంది. వానలకి చెమ్మెక్కి కుదించుకుపోయి ఉంటుందని తియెన్‌షుయ్ చెప్పాడు. ఈస్టుతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఈస్టు సంగతి తను చెప్పడమేమిటని తర్వాత సిగ్గేసింది గానీ, ఆ సిగ్గు సాయంత్రం దాకా నిలవలేదు.

అక్కడ బన్నుల బండి దగ్గర బీషియా మొగుడి గురించి గొప్పలు చెప్పుకుంటోంది. మగవాళ్ళకి పథ్యమంటే ఏడుపొస్తుంది గానీ మా ఆయన బంగారమని, గిన్నె కడగక్కర్లేకుండా తింటాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఆ మాటలు విన్న ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి ఓట్స్ కాచారు. ఓ పొద్దున వంతెన దగ్గర మందుల షాపాయన, చేతిలో ఉల్లికాడల రొట్టె పెట్టుకునే, తియెన్‌షుయ్‌ని కొట్టేలా చూశాడు. నీ మూలంగా మా ఇంట్లో కూడా ఆ బంక మొదలైందని మండిపడ్డాడు. తియెన్‌షుయ్ చేతిలోనూ అదే రొట్టె ఉండటంతో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని రొట్టెలు తినడంలో పడ్డారు.

మూడు నెలలయ్యాక మళ్ళీ రక్తపరీక్ష. డాక్టరమ్మ కాగితం వంక చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది. కొవ్వు తగ్గలేదు సరికదా ఇంకొంచెం పెరిగింది.

"తాతగారూ, ఓట్స్ రోజూ తింటున్నారా?"

ఆయన నోరు తెరిచేలోపే బీషియా అందుకుంది. "ఒక్కరోజు తప్పలేదమ్మా. గిన్నె నాకేసినట్టు ఉంటుంది."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. కొందరి ఒంటితత్వం మొండిగా ఉంటుందని, అయితే సాయంత్రం కూడా ఇంకో గిన్నె మొదలుపెడదామని అంది. తియెన్‌షుయ్ తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఒప్పుకోవడానికి అదే సమయమని తెలుసు.  కానీ తల మాత్రం తనంతట తానే ఊగింది.

సాయంత్రం బీషియా ఇంట్లోనే ఉంటుంది. అందుకని చేపల్ని చూస్తూ తింటే ముద్ద దిగుతుందని చెప్పి గిన్నె పైకి పట్టుకెళ్ళడం అలవాటు చేశాడు. డబ్బాలు ముప్పై దాటాయి. దాచుకోలేక అడిగినవాడికల్లా పంచడం మొదలుపెట్టాడు. సంఘంలో ఆయన డబ్బాలకి పేరొచ్చింది. మిగతావాళ్ళ జావ వారానికే నీరుగారిపోతుంటే ఆయనది మూడు వారాలు నిలుస్తోంది. కిటుకేమిటని వెన్‌ఛాంగ్ అడిగితే, గొప్పకి పోయి, మా ఆవిడ చేతి జావ అనేశాడు.

ఆ గొప్పే కొంప ముంచింది. ఓ శనివారం వెన్‌ఛాంగ్ బన్నుల బండి దగ్గరికి వెళ్ళి, నలుగురున్నారని కూడా చూడకుండా బీషియాకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"వదినా, నీ చెయ్యి మహిమే మహిమ. మా ఇంట్లో పురుగులన్నీ నీ జావ మీదే బతుకుతున్నాయి."

బీషియా ఆవిరి బుట్ట మూత ఎత్తబోతున్నదల్లా మళ్ళీ దించిందట. ఏ పురుగులని అడిగిందట. వెన్‌ఛాంగ్ మొదటి నుంచీ చివరిదాకా ఓపిగ్గా చెప్పాడు. పురుగుల కోసం రెండు పూటలా పనిగట్టుకుని కాచే ఇల్లాలు ఎక్కడుంటుందని కూడా మెచ్చుకున్నాడు. ఆమె అతనికి ఓ బన్ను ఎక్కువే ఇచ్చి పంపింది. ఇదంతా వెన్‌ఛాంగే తర్వాత ఎంతో సంతోషంగా వచ్చి తియెన్‌షుయ్‌తో చెప్పాడు. తను చేసిన ఘనకార్యమేమిటో అప్పటికీ అతనికి తెలియదు.

పదకొండున్నరకి మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కుతున్నారు. తియెన్‌షుయ్ పుల్ల చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బీషియా పైకొచ్చి ఏప్రన్ కూడా విప్పకుండా డబ్బాల వరస ముందు కూర్చుంది. ఒక్కొక్క మూతా తీసి వాసన చూసింది. ముప్పై ఆరు డబ్బాలు. ఎనిమిదో డబ్బా దగ్గర ముక్కు చిట్లించి, నీళ్ళెక్కువయ్యాయి, అంది. పదిహేనో దాని దగ్గర, ఇంత ఈస్టు ఎవడు వెయ్యమన్నాడు, అంది. అన్నీ అయ్యాక ఒక డబ్బాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"సన్నగా, చలాకీగా ఉన్నాయి. పథ్యం బాగా ఒంటబట్టింది. వచ్చేసారి రక్తపరీక్షకి వీటిని తీసుకెళ్దాం."

 కిందికి దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పి పుట్టి ఆయన భుజం పట్టుకుని దిగింది. ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో తియెన్‌షుయ్‌కే తెలుసు.

తిట్టి ఉంటే ఆయన ప్రాణం హాయిగా ఉండేది. మూడు రోజులు ఆమె జావ కాయలేదు, ఎందుకు తినలేదనీ అడగలేదు. భోజనాల దగ్గర మాత్రం, నీ పిల్లలు తిన్నారా, వాళ్ళకి ఉల్లికాడల రొట్టె సయిస్తుందా, వంతెన దాకా సైకిలు మీద తీసుకెళ్తున్నావా, అని మామూలు గొంతుతో అడుగుతూ కూర పళ్ళెం ఆయన వైపు జరిపేది. రొట్టె సంగతి ఎవరు చెప్పారో ఆయనకి అంతుబట్టలేదు. మందుల షాపాయన మీదికి అనుమానం పోయింది గానీ, అడగడానికి మొహం చెల్లలేదు. పొద్దున వంతెన వైపు వెళ్ళడం తనంతట తానే మానేశాడు.

నాలుగో రోజు వాన పట్టుకుంది. బీషియా మధ్యాహ్నం పిండి కలుపుతూ, తల ఎత్తకుండా మాట్లాడింది.

"మీ అన్న గుండె ఆగి చేలో పడ్డప్పుడు బోర్లా ఉన్న మనిషిని తిప్పింది నేను. నువ్వు లాకుల దగ్గరున్నావు, వచ్చేసరికి మొహం తుడిచేశాం. నువ్వు చూడలేదు. నేను చూశాను."

తియెన్‌షుయ్‌కి ఆ రోజు బాగా జ్ఞాపకమే. అన్న మొహం శుభ్రంగా, నిద్రపోతున్నట్టు ఉందనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అంతకుముందు ఎలా ఉందో ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు ఆమె పిండిని మామూలు కంటే గట్టిగా గుద్దుతోంది. ఆయన గుమ్మం బయట వాన వైపు తిరిగాడు. తర్వాత, ఆమె అడక్కపోయినా, కాలువకి సిమెంటు పోసిన ఏడాది సంగతి చెప్పాడు. చక్రం తిప్పిన సంగతి, మర్నాడు ఎండిన కాలువ అడుగున చారల చేపలు కొట్టుకుంటూ కనబడ్డ సంగతి, అందుకే ఒక్క పిల్ల చచ్చిపోయినా మనసొప్పదని చెప్పాడు.

బీషియా పిండి మీద తడిగుడ్డ కప్పింది. నువ్వు తిప్పకపోతే ఇంకొకడు తిప్పేవాడు, ఇంకొకడికైతే ఈ చేపలూ ఉండేవి కావు, పురుగులూ ఉండేవి కావు, అంది. అది ఓదార్పో దెప్పిపొడుపో ఆయనకి తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

మర్నాడు పొద్దున మూత తీస్తే గిన్నెలోంచి వేరే వాసన వచ్చింది. ఓట్స్‌లో ఉప్పు వేసి, ఎండు రొయ్యలు, పుట్టగొడుగులు, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలిపింది. తియెన్‌షుయ్ ఒక చెంచా తిన్నాడు. ఇంకో చెంచా తిన్నాడు. చూస్తుండగా గిన్నె అయిపోయింది, ఈసారి నిజంగానే. ఆమె బండి సర్దుకుని తిరిగొచ్చేదాకా ఆగలేక సంతకే వెళ్ళి, ఇన్నాళ్ళూ ఇలాగే చెయ్యొచ్చు కదా అని నిష్ఠూరమాడాడు.

"బాగాలేదని నువ్వు ఎప్పుడన్నావు? గిన్నె నాకి పెట్టావు కదా. నచ్చిందనుకుని అలాగే కాస్తూ వచ్చాను."

 బన్నుల కోసం నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు.

ఆ తర్వాత పురుగుల పెత్తనం బీషియా చేతిలోకి ఎలా పోయిందో తియెన్‌షుయ్ సరిగా చెప్పలేడు. మొదట, ఉప్పు లేని జావ వాటికి వేరే కాస్తానంది. తర్వాత ముప్పై ఆరు డబ్బాలు ఇంటికి అరిష్టమంటూ ఇరవై ఎనిమిది పారబోయించి ఎనిమిదే ఉంచింది. ఆ ఎనిమిదీ మెట్ల మీంచి కిందికి దిగి, వంటింట్లో పిండి గిన్నెల పక్కన ఓ అలమారలోకి చేరాయి. జూలైలో ఎండలు ముదిరి సంఘంలో అందరి పురుగులూ చచ్చిపోతుంటే, ఆమె డబ్బాల్ని పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెట్టి, తడిగుడ్డ కప్పింది. బన్నుల కోసం పులిసిన పిండిని ఎండాకాలం కాపాడుకునేది అలాగేనట. ఒక్క డబ్బా పోలేదు. అంతే, వెన్‌ఛాంగ్ వాళ్ళంతా డబ్బాలు పట్టుకుని బన్నుల బండి చుట్టూ మూగడం మొదలుపెట్టారు. మేడ మీద ఉన్న మనిషిని అడిగేవాడు లేడు.

శరదృతువులో డాక్టరమ్మ కాగితం చూసి నవ్వింది. కొవ్వు తగ్గింది. అనుకున్నంత కాకపోయినా తగ్గింది. రెండు పూటలా తినడం వల్లే ఫలితం కనబడుతోందని ఆమె అంటే బీషియా ముఖం గంభీరంగా పెట్టి, అవునమ్మా, ఇంట్లో అందరూ కలిసి తింటున్నాం, అంది. డాక్టరమ్మ చాలా మంచిదంది.

అక్టోబరులో సంఘంవాళ్ళు పురుగుల పెంపకం గురించి చెప్పమని బీషియాని పిలిచారు. తియెన్‌షుయ్ వెనక వరసలో, ఒళ్ళో రెండు డబ్బాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ముందు జంకింది. కాసేపటికి బండి దగ్గర నిలబడ్డట్టే నిలబడి, జావ చెంచాలోంచి జారకూడదని, నిలబడాలని, ఈస్టు చిటికెడంటే ఆడవాళ్ళ చిటికెడని, మగవాళ్ళ చిటికెడు గుప్పెడుంటుందని చెప్పింది. జావ తమ నోటికి నచ్చకపోతే ఆ మాట పైకి చెప్పాలని, చెప్పకపోతే డబ్బాలు పెరిగిపోతాయని కూడా చెప్పింది. సగం మందికి ఆ మాట అర్థం కాలేదు. మందుల షాపాయన ఎందుకొచ్చాడో గానీ వచ్చాడు, అతనికి మాత్రం అర్థమై తల దించుకున్నాడు.

చివర్లో ఒకాయన లేచి, పిల్లలకి పురుగులు ఎన్నో రోజు నుంచి వెయ్యాలని తియెన్‌షుయ్‌ని అడిగాడు. ఇది మాత్రం తన విద్య. తియెన్‌షుయ్ గొంతు సవరించుకుని లేచాడు.

"ఐదో రోజు," అంది బీషియా.

ఐదో రోజేనని తియెన్‌షుయ్ ఒప్పుకుని కూర్చున్నాడు. వెన్‌ఛాంగ్ చేతులు చాపి అడిగితే ఒళ్ళో ఉన్న డబ్బాలు ముందు వరసకి అందించాడు. వాళ్ళు మూతలు తీసి ఒకళ్ళ తలల మీంచి ఒకళ్ళు వంగి చూస్తుంటే, తోసుకోకండి, అందరికీ సరిపోతాయి, అని బీషియా సంతలో అన్నట్టే అంది.